నొప్పిని ఓర్చుకోమనడం సువార్త కాదు



ఈ వారం ధ్యానం కొంచెం కటువుగా ఉంటుంది. ఎవరినీ నొప్పించాలని కాదు. ఇప్పటికే నొప్పిలో ఉన్నవాళ్ళని ఇంకా నొప్పించే మాటలు కొన్ని మన మందిరాల్లో, మన ఇళ్ళల్లో, మన ఆసుపత్రుల్లో తిరుగుతున్నాయి. అవి భక్తి మాటల్లాగా, తెలివైన మాటల్లాగా వినబడతాయి గనుక ఎవరూ ఎదురు చెప్పరు. మేము ఈ రోజు వాటికి ఎదురు చెబుతున్నాం.

మేము చెబుతున్నది రెండు రోజుల తలనొప్పి గురించి కాదు. నెలలు, సంవత్సరాలు వదలని నొప్పి గురించి. నాట్లు వేసి, కలుపు తీసి, ఇటుకలు మోసి నడుము పోయిన కూలీ తల్లుల నొప్పి. వేళ్ళు వంకర్లు తిరిగి జడ కూడా వేసుకోలేని కీళ్ళవాతం. షుగరు ముదిరి అరికాళ్ళు నిప్పుల మీద పెట్టినట్టు మండే మంట. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి మెడ తిప్పలేక, నడుము వంగిపోయి బతుకుతున్న పెద్దల నొప్పి. ఆ జబ్బును గురించి అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు ప్రాంతంలో వైద్యులు 1937లోనే రాశారు. ఏజెన్సీ గ్రామాల్లో సికిల్ సెల్ జబ్బుతో ఎముకలు విరిగినట్టు కేకలు వేసే పిల్లల నొప్పి. క్యాన్సరు నొప్పి. వీళ్ళందరూ మన బల్లల మీద కూర్చునేవాళ్ళే. కొందరు ఇక కూర్చోలేక మందిరానికి రావడం మానేశారు. రాకపోతే భక్తి తగ్గిందనుకుంటున్నాం.

మొదటి మాట: "మాత్ర మింగితే విశ్వాసం లేనట్టే"

ఈ మాట చెప్పేవాళ్ళు స్వస్థత కూటాల్లో ఉన్నారు, టీవీల్లో ఉన్నారు, ఇప్పుడు ఫోన్లలో కూడా ఉన్నారు. మాత్రల చీటీలు స్టేజి మీదికి తెప్పించి పారవేయిస్తున్నారు. షుగరు మందు, ఫిట్సు మందు, నొప్పి మందు అన్నీ ఆ కుప్పలో పడుతున్నాయి. కూటం అయిపోయాక ప్రసంగీకుడు కారెక్కి వెళ్ళిపోతాడు. రాత్రి రెండు గంటలకు నొప్పి తిరిగి వచ్చినప్పుడు ఆ తల్లి పక్కన ఆయన ఉండడు. అప్పుడు ఆమెకు రెండు నొప్పులు. ఒకటి ఒంట్లోది. రెండోది, "నా విశ్వాసంలోనే లోపం ఉంది, దేవుడు నన్ను వదిలేశాడు" అన్నది. రెండోది దేవుడిచ్చింది కాదు. మనుషులు పెట్టింది.

వాక్యం ఏమంటుందో చూడండి. హిజ్కియా రాజు మరణకరమైన రోగంలో ప్రార్థించాడు, దేవుడు ప్రార్థన విన్నానని ప్రవక్త చేత చెప్పించాడు, ఆయుష్షు పెంచాడు. అదే యెషయా, అదే సందర్భంలో, అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద కట్టమన్నాడు (యెషయా 38). ప్రార్థనకు జవాబు వచ్చాక కూడా కట్టు కట్టారు. మంచి సమరయుడు గాయపడినవాడి పక్కన మోకరించి ప్రార్థించి వెళ్ళిపోయాడని ప్రభువు చెప్పలేదు. నూనె, ద్రాక్షారసం పోసి కట్టాడు, సత్రానికి చేర్చాడు, ఖర్చుకు డబ్బిచ్చాడు (లూకా 10). పౌలు తన ఆత్మీయ కుమారుడైన తిమోతికి కడుపు జబ్బు కోసం ఏమి తీసుకోవాలో ఉత్తరంలో రాశాడు (1 తిమోతి 5:23). "ఇంకా ఉపవాసం ఉండు" అని రాయలేదు. ఆ పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. ఆ సంగతి దాచుకోవాల్సిన విషయంగా కాక, ప్రేమగా రాశాడు (కొలొస్సయులకు 4:14).

"మరి ఆసా రాజు?" అని అడుగుతారు. పాదాల జబ్బు వచ్చినప్పుడు అతడు వైద్యుల దగ్గరికి వెళ్ళాడని తప్పుపట్టారు గదా అంటారు. ఆ అధ్యాయం మొదటినుంచి చదవండి (2 దినవృత్తాంతములు 16). అతడు దేవుణ్ణి విడిచి సిరియా రాజును నమ్ముకున్నాడు. తప్పు చెప్పిన దీర్ఘదర్శిని చెరసాలలో వేయించాడు. అతని పాపం వైద్యుణ్ణి పిలవడం కాదు, దేవుణ్ణి పిలవకపోవడం. రెండు చేతులున్న మనిషికి ఒక చేతితో ప్రార్థన, ఒక చేతితో మాత్ర పట్టుకోవడం కష్టమేమీ కాదు.

మేము ప్రార్థనను తక్కువ చేయడం లేదు. రోగి కోసం పెద్దలను పిలిచి నూనె రాసి ప్రార్థించమన్న యాకోబు మాటను పాటిస్తూనే ఉన్నాం, పాటిస్తాం. దేవుడు ముట్టి బాగుచేసినవాళ్ళను చూశాం. కానీ దేవుడు మందు ద్వారా ముడితే అది తక్కువ స్వస్థత అని చెప్పే అధికారం ఏ సేవకుడికీ లేదు.

రెండో మాట: "ప్రభువే శ్రమపడ్డాడు, నువ్వూ ఓర్చుకో"

ఈ మాట వినడానికి ఇంకా పవిత్రంగా ఉంటుంది గనుక ఇంకా ప్రమాదం. సిలువ దగ్గర బోళం కలిపిన ద్రాక్షారసం ఇస్తే ప్రభువు పుచ్చుకోలేదు గదా (మార్కు 15), మనం మాత్రం మత్తు మందులు తీసుకోవచ్చా అని ఒక పెద్దాయన మమ్మల్ని అడిగాడు. ఆయనకు చెప్పిందే ఇక్కడా చెబుతున్నాం. ఆయన ఆ గిన్నె తీసుకోకపోవడం మన పాపశిక్ష పూర్తిగా తాగడానికి. ఆ పని ఒక్కసారే జరిగింది, సమాప్తమైంది. హెబ్రీ పత్రిక అదే పనిగా చెప్పేది అదే. నా మోకాళ్ళ నొప్పి ఆ బలికి ఏమీ కలపదు. నా నొప్పి భరిస్తే పుణ్యం వస్తుందనుకోవడం సిలువను గౌరవించడం కాదు, సిలువ సరిపోలేదనడం.

అదీగాక తన నొప్పిని భరించిన ఆ ప్రభువు ఇతరుల నొప్పి దగ్గరికి వచ్చినప్పుడు ఏం చేశాడు? నాలుగు సువార్తలూ తిప్పండి. తన దగ్గరికి వచ్చిన రోగిని "ఓర్చుకో, ఇది నీకు మంచిది" అని పంపేసిన సందర్భం ఒక్కటి చూపించండి. లేదు. బెతెస్ద కోనేటి దగ్గర ముప్పయి ఎనిమిదేళ్ళు పడి ఉన్నవాణ్ణి "ఇన్నేళ్ళు ఓర్చుకున్నావు, భలే" అనలేదు. పౌలు తన ముల్లు తీసేయమని ఒకసారి కాదు, మూడుసార్లు వేడుకున్నాడు (2 కొరింథీయులకు 12). కృప చాలునన్న జవాబు దేవుడు పౌలుకిచ్చాడు. ఆ జవాబును మనం పక్కవాడికి ఇవ్వడానికి మనం దేవుళ్ళం కాము. వాడు ఇంకా మొదటిసారి అడుగుతూ ఉండవచ్చు.

ఇది కొత్త గొడవ కూడా కాదు. 1847లో ఎడింబరోలో డాక్టర్ జేమ్స్ యంగ్ సింప్సన్ కాన్పు నొప్పులకు క్లోరోఫారం వాడితే, స్త్రీ వేదనతో కనాలని ఆదికాండంలో ఉంది గనుక అది పాపం అన్నవాళ్ళున్నారు. సింప్సన్ బైబిలు చదివినవాడు. ఆదాము పక్కటెముక తీసే ముందు దేవుడే అతనికి గాఢనిద్ర కలుగజేశాడు గదా అని చూపించాడు. మనం ఇంకో సంగతి కలుపుదాం. అదే అధ్యాయంలో పొలం ముళ్ళ తుప్పలు మొలిపిస్తుందని కూడా ఉంది. మరి కలుపు తీయని విశ్వాసి, కలుపు మందు కొట్టని విశ్వాసి మన ఊళ్ళో ఉన్నాడా? శాపంలో పురుషుడి వాటాకు ట్రాక్టరు కొనుక్కుని, స్త్రీ వాటాకు మాత్రం ఓర్పు బోధించడం వాక్యం కాదు, స్వార్థం. ఆ క్లోరోఫారం భద్రమా కాదా అని తేల్చడానికి 1888లో, 1889లో మన హైదరాబాదులోనే నిజాం ప్రభుత్వ ఖర్చుతో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో రెండు కమిషన్లు పనిచేశాయి. నొప్పి తగ్గించే విద్యకు మన గడ్డ మీద అంత పాత చరిత్ర ఉంది.

"నొప్పి దేవుడిచ్చిన వరం" అని డాక్టర్ పాల్ బ్రాండ్ రాశాడు గదా అని చదువుకున్నవాళ్ళు అంటారు. నిజమే. ఆయన తమిళనాడు కొల్లిమలైలో మిషనరీల బిడ్డగా 1914లో పుట్టి, 1946 నుంచి వేలూరులో కుష్ఠు రోగుల మధ్య పనిచేశాడు. నొప్పి తెలియకపోవడం వల్లే వాళ్ళు చేతులు కాల్చుకుంటున్నారని, కాళ్ళు పుండ్లు చేసుకుంటున్నారని చూపించాడు. కానీ ఆయన చెప్పింది హెచ్చరిక చేసే నొప్పి గురించి. దొంగ వస్తే మొరిగే కుక్క వరమే. దొంగ పోయాక కూడా పదేళ్ళు తెల్లవార్లూ మొరిగే కుక్కను వరం అని ఎవరంటారు? దీర్ఘకాలపు నొప్పి చాలాసార్లు అలాంటిది. అది చెప్పాల్సిన కబురు ఎప్పుడో చెప్పేసింది. ఇక మిగిలింది ఆ మనిషిని నిద్రపోనివ్వకపోవడమే.

మూడో మాట: "ఎక్స్‌రేలో ఏమీ లేదు, నీకేమీ లేదు"

ఇప్పుడు డాక్టర్ల వైపు తిరుగుతున్నాం. మంచి డాక్టర్లు ఉన్నారు, వాళ్ళ కోసం ప్రతి ఆదివారం ప్రార్థిస్తున్నాం. ఒక్క పూటలో వంద మందిని చూడాల్సి వస్తే ఏ మనిషికైనా ఓపిక ఉండదని కూడా తెలుసు. అయినా ఈ మాట తప్పే.

ఎక్స్‌రే ఎముకను చూపిస్తుంది, నొప్పిని చూపించదు. నొప్పిని చూపించే యంత్రం ఏ ఆసుపత్రిలోనూ లేదు. నొప్పికి సాక్షి ఒక్కరే, ఆ పడేవాళ్ళు. ఆ సాక్షిని నమ్మకపోతే వైద్యం మొదలే కాదు. మా సంఘంలో ఒక సహోదరి మూడేళ్ళు నాలుగు చోట్ల తిరిగింది. ఒకరు వయసన్నారు, ఒకరు బరువన్నారు, ఒకరు "ఇంట్లో ఏమైనా గొడవలా అమ్మా?" అన్నారు. ఐదో చోట ఒక యువ డాక్టరు ఆమె వేళ్ళు పట్టుకుని చూసి, పొద్దున్నే చేతులు ఎంతసేపు బిగుసుకుపోతాయని అడిగి, రక్తపరీక్ష చేయించాడు. రుమటాయిడ్ అనే కీళ్ళవాతం. దానికి మందులున్నాయి. ముందే మొదలుపెడితే కీళ్ళు పాడవకుండా ఆపే మందులున్నాయి. మూడేళ్ళలో పోయిన వేళ్ళు మాత్రం తిరిగి రావు.

మార్కు సువార్త 5వ అధ్యాయంలో రక్తస్రావం గల స్త్రీ గురించి రాసిన మాటలు ప్రతి వైద్యుడి బల్ల మీద ఉండాలి. ఆమె అనేక మంది వైద్యుల చేతుల్లో ఎన్నో తిప్పలు పడింది, ఉన్నదంతా ఖర్చయింది, జబ్బు ఇంకా ముదిరింది. పన్నెండేళ్ళు! మన తల్లుల కథ బైబిల్లో ముందే ఉంది. ప్రభువు ఏం చేశాడు? యాయీరు కూతురు చావుబతుకుల్లో ఉన్నా దారిలో ఆగాడు. ఆమె తన సంగతంతా చెప్పుకునేదాకా నిలబడ్డాడు. తర్వాత "కుమారీ" అని పిలిచాడు. ఆగడం, వినడం, మర్యాదగా పిలవడం. ఈ మూడింటికి ఏ మందుల షాపులోనూ ఖర్చు లేదు.

మన వైపు కూడా ఒకటుంది. మన వాళ్ళు తరతరాలుగా దొరల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్ళు. డాక్టరు ముందు కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోరు. ఇంట్లో రాత్రంతా మూలిగిన తల్లి, డాక్టరు "ఎలా ఉంది?" అనగానే "పర్లేదయ్యా" అంటుంది. ఆ ఒక్క మాటతో చీటీ అయిపోతుంది. అమ్మా, అది వినయం కాదు. నీ దేహం దేవుని ఆలయం గనుక దాని సంగతి సరిగ్గా చెప్పడం నీ బాధ్యత. అన్యాయపు న్యాయాధిపతిని వదలకుండా తిరిగిన విధవరాలిని ప్రభువు మనకు మాదిరిగా పెట్టాడు. ఆమె "పర్లేదయ్యా" అనలేదు.

నాలుగో మాట: "గట్టి మందులు అలవాటైపోతాయి"

క్యాన్సరు నొప్పికి మార్ఫిన్ అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు ఇదే. భయానికి కొంత ఆధారం ఉంది, దాన్ని దాచం. అమెరికాలో కంపెనీలు లాభం కోసం ఈ రకం మందులను అవసరం లేనివాళ్ళకు కూడా విరివిగా అమ్మించి లక్షల కుటుంబాలను ముంచాయి. మన పట్టణాల్లో కుర్రాళ్ళు ట్రమడాల్ మాత్రలను మత్తు కోసం మింగుతున్నారు. 2018లో దాన్ని కూడా మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు, మంచిదే. నడుము నొప్పికీ మోకాలి నొప్పికీ మార్ఫిన్ ఇవ్వమని మేము చెప్పడం లేదు. తగినంత మందు అంటే గట్టి మందు అని అర్థం కాదు, ఆ నొప్పికి సరైన మందు అని అర్థం. షుగరు వల్ల వచ్చే నరాల మంటకు మామూలు నొప్పి మాత్ర పనిచేయదు. దానికి ప్రీగాబలిన్, అమిట్రిప్టిలిన్, డ్యూలోక్సెటిన్ వంటివి ఉన్నాయి. కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ ఉంది. సికిల్ సెల్ పిల్లలకు నొప్పి దాడులు తగ్గించే హైడ్రాక్సీయూరియా ఉంది. ఏ నొప్పికైనా ఒకటే తెల్లమాత్ర రాసి పంపడం కూడా మందు ఇవ్వకపోవడమే.

కానీ క్యాన్సరుతో ఎముక తినేస్తుంటే కేకలు పెట్టే మనిషికి "అలవాటవుతుంది" అని మార్ఫిన్ ఆపడం, ఇల్లు తగలబడుతుంటే తేమ వస్తుందని నీళ్ళు పోయకపోవడం లాంటిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే క్యాన్సరు నొప్పికి మూడు మెట్ల పద్ధతి ప్రకటించింది. మామూలు మాత్రతో మొదలుపెట్టి, చాలకపోతే మార్ఫిన్ వరకు ఎక్కాలి. నోటితో ఇవ్వాలి, గడియారం ప్రకారం ఇవ్వాలి. శరీరం మందుకు అలవాటు పడటం వేరు, మనిషి వ్యసనపరుడు కావడం వేరు. మొదటిది ఉంటే డాక్టరు మెల్లగా తగ్గిస్తూ ఆపుతాడు. రెండోది మందు కోసం బతుకును పాడుచేసుకోవడం. నొప్పికి సరైన మోతాదు తీసుకున్న రోగి లేచి కూర్చుని, అన్నం తిని, మనవడితో మాట్లాడతాడు. ఇద్దరినీ ఒకే గాటన కట్టకండి.

ఈ సంగతి లోకానికి గట్టిగా చూపించినది ఒక విశ్వాసురాలు. ఇంగ్లండులో సిసిలీ సాండర్స్ మొదట నర్సు, తర్వాత ఆసుపత్రిలో సామాజిక సేవకురాలు. 1948లో చనిపోతున్న ఒక యూదు శరణార్థి ఆమె కట్టబోయే ఇంట్లో కిటికీగా ఉంటానని 500 పౌండ్లు రాసిచ్చాడు. ఆమె ఆ వయసులో వైద్యం చదివి డాక్టరై, 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. నొప్పి తిరిగి వచ్చేదాకా ఆగి మందు ఇస్తేనే రోగి మందు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాడని, నొప్పి రాకముందే వేళకు ఇస్తే మందును మరిచి మనిషిగా బతుకుతాడని చూపించింది. నొప్పి ఒంట్లోనే కాదు, మనసులో, ఇంట్లో, ఆత్మలో కూడా ఉంటుందని, అంతటికీ కలిపి వైద్యం చేయాలని నేర్పింది. ఇది సువార్త పని కాకపోతే మరేది?

మన దేశం సంగతి చూస్తే దుఃఖం వస్తుంది. మార్ఫిన్ తయారయ్యే నల్లమందును మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో మన రైతులే లైసెన్సుతో పండిస్తున్నారు. నీమచ్‌లో, గాజీపూర్‌లో ప్రభుత్వ కర్మాగారాలున్నాయి. అయినా 1985 చట్టం తర్వాత ఆసుపత్రులు ఒక మార్ఫిన్ మాత్ర కోసం ఎన్నో లైసెన్సులు తెచ్చుకోవాల్సి వచ్చి, వాడకం ఘోరంగా పడిపోయింది. లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ 2017లో లెక్క తీస్తే, ప్రపంచంలో ఏటా పంచే ఇలాంటి మందులు మార్ఫిన్ లెక్కన దాదాపు 298 టన్నులు, అందులో బాగా పేద దేశాలకు చేరేది 0.1 టన్ను. మన దేశంలో అందుతున్నది అవసరంలో నూటికి నాలుగు వంతులే. ధనవంతుడి బల్ల కింద రొట్టెముక్కల కోసం చూసిన లాజరు గుర్తొస్తున్నాడు. ఇక్కడైతే రొట్టె పండించింది కూడా లాజరే.

2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. మార్ఫిన్, ఫెంటనిల్, మెథడోన్, కోడీన్, ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్ అనే ఆరు మందులను అత్యవసర మందులుగా వేరు చేసింది. గుర్తింపు పొందిన ఆసుపత్రికి రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి ఇచ్చే ఒక్క అనుమతి చాలు. కనుక "చట్టం ఒప్పుకోదు" అని ఎవరైనా చెబితే అది పాత మాట. అడ్డు ఇప్పుడు చట్టంలో కంటే బుర్రల్లో ఎక్కువ ఉంది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి నివారణ విభాగం ఏళ్ళ తరబడి పేదలకు మార్ఫిన్ ఇస్తూ ఉంది. కేరళలో 1993లో కోళికోడ్ మెడికల్ కాలేజీలో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ మొదలుపెట్టిన పని, ఊరి వాళ్ళే వలంటీర్లై ఇంటింటికీ తిరిగే ఉద్యమం అయింది. 2008లో ఆ రాష్ట్రం దానికి ప్రభుత్వ విధానమే తెచ్చింది. వాళ్ళు మనకంటే గొప్ప మనుషులు కారు. వాళ్ళు అడిగారు, మనం అడగలేదు.

ఐదో మాట: "ఒక సూది వేయించుకుంటే పోతుంది"

సరైన మందు దొరకనప్పుడు మన వాళ్ళు ఏం చేస్తారు? ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర సూది, కిరాణా కొట్లో మాత్ర, సంతలో "కీళ్ళ నొప్పుల పొడి". సాయంత్రానికి తగ్గుతుంది, మర్నాడు కూలికి పోతారు. కూలి పోతే పూట గడవదు గనుక వాళ్ళను మేము తిట్టం. కానీ చాలాసార్లు ఆ సూదిలో ఉండేది డైక్లోఫెనాక్, దానితోపాటు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్. ఆ పొడిలో కూడా ఎన్నోసార్లు స్టెరాయిడే కలిసి ఉంటుంది. నెలల తరబడి అయితే ముఖం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లవుతాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రకాలు రోజూ మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీల మీద దెబ్బ. శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఏమిటో ఇంకా తేలలేదు గానీ, కిడ్నీ దెబ్బతిన్న మనిషికి ఈ మాత్రలు విషం అన్నది తేలిన సంగతే. నొప్పికి మంచి వైద్యం నిరాకరించిన సమాజం ఈ సూదిని సృష్టించింది. సూది వేసేవాణ్ణి ఒక్కణ్ణే నిందిస్తే సరిపోదు.

ఇక మనం చేయాల్సింది

యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు మూసుకుని అతని పక్కన నేల మీద కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక అంతా పాడుచేశారు. చివరికి దేవుడు వాళ్ళ మీదే కోపపడ్డాడు, మూలిగి గొడవపెట్టుకున్న యోబునే సమర్థించాడు (యోబు 42:7). కాబట్టి మొదటి పని, నొప్పిలో ఉన్నవాళ్ళకు బోధించడం ఆపి పక్కన కూర్చోవడం.

రెండో పని, ఒంటరిగా ఆసుపత్రికి పంపకపోవడం. చదువుకున్న యువకులారా, స్త్రీల సమాజం అక్కలారా, ఇది మీ పరిచర్య. వెళ్ళే ముందు ఒక కాగితం మీద రాయండి. నొప్పి ఎక్కడ, ఎన్నాళ్ళ నుంచి, మంటా పోటా గుచ్చినట్టా, పదింటికి ఎన్ని, ఏ పని చేయలేకపోతున్నారు, రాత్రి ఎన్ని గంటలు నిద్ర. "నొప్పిగా ఉంది" అంటే కదలని డాక్టరు, "ఆరు నెలలుగా కింద కూర్చుని లేవలేకపోతోంది, మూడు గంటలకు మించి నిద్ర లేదు" అంటే వింటాడు. వాడుతున్న మాత్రలన్నీ, సంత పొడితో సహా, సంచిలో పట్టుకెళ్ళండి. కిడ్నీ, కడుపు పుండు, షుగరు, బీపీ ఉంటే ముందే చెప్పండి. "ఈ మందు పేరేమిటి, ఎన్నాళ్ళు, తగ్గకపోతే తర్వాత ఏమిటి?" అని మర్యాదగా అడగండి. కుర్చీ ఉంటే కూర్చోండి. వినకపోతే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అది తిరుగుబాటు కాదు. పెద్ద ఆసుపత్రుల్లో నొప్పి క్లినిక్కు గానీ పాలియేటివ్ విభాగం గానీ ఉందేమో అడిగి, అక్కడికి రాసివ్వమనండి.

మూడో పని, ఇచ్చిన మందును నమ్మకంగా వాడటం. వేళకు వేయాలి, భరించలేనంత అయ్యేదాకా ఆగకూడదు. తగ్గలేదని రెండు మింగకూడదు, తగ్గిందని ఒక్కసారే ఆపకూడదు. మార్ఫిన్ ఇస్తే మలబద్ధకం తప్పదు గనుక దానికి మందు కూడా అడిగి తెచ్చుకోవాలి. పెట్టెలో తాళం వేసి ఉంచాలి, పక్కింటివాళ్ళకు ఒక్క మాత్ర కూడా ఇవ్వకూడదు. చట్టం మీద మనకు గౌరవం ఉందని చూపించేది కూడా ఇలాగే.

నాలుగో పని సేవకులకు. తోటి సేవకులారా, మీ కూటంలో ఎవరి మాత్రలూ పారవేయించకండి. స్వస్థత వస్తే డాక్టరే చూసి మందు ఆపుతాడు. ప్రభువు కూడా బాగైన కుష్ఠు రోగులను యాజకుడికి చూపించుకోమని పంపాడు. పరీక్షకు నిలబడని స్వస్థత ఆయన ఇవ్వలేదు.

ఐగుప్తులో ఇశ్రాయేలీయులు మూలిగినప్పుడు దేవుడు వాళ్ళ విశ్వాసం ఎంతో కొలవలేదు. చూశాడు, విన్నాడు, వాళ్ళ దుఃఖం తనకు తెలుసన్నాడు, దిగివచ్చాడు (నిర్గమకాండము 3). ఆ వరుసలోనే మన సంఘం నడవాలి. కన్నీళ్ళు, వేదన ఉండని దినం ఆయన తెస్తాడు. ఆ దినం ఆయన చేతిలో ఉంది. ఈ రాత్రి పక్కింటి అవ్వకు నిద్ర పట్టడం మాత్రం కొంతవరకు మన చేతిలో ఉంది.

ప్రార్థన చేద్దాం. దయగల తండ్రీ, నొప్పితో ఈ మాటలు చదువుతున్న నీ బిడ్డలను ముట్టుము. వాళ్ళ మాట నమ్మే వైద్యులను, తోడు నడిచే సహోదరులను, తగిన మందును వారికి దయచేయుము. నీ పేరట వారి మీద భారం మోపే నోళ్ళను మూయుము. గాయాలెరిగిన నీ కుమారుడైన యేసు నామంలో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.